మార్కా ఉంటే మామిడే

పెద్దిరాజు డప్పు చట్రం మీద నీలం రంగులో ఒక ఇంటూ గుర్తు ఉంది. డప్పుకి బొట్టు పెట్టినవాళ్ళని చూశాను, పసుపు రాసినవాళ్ళని చూశాను, వేపమండ కట్టినవాళ్ళనీ చూశాను. తప్పు లెక్కకి మేష్టారు కొట్టినట్టు డప్పుకి ఇంటూ కొట్టుకున్నవాణ్ణి మాత్రం చాట్రాయి వచ్చాకే చూశాను.

నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్ని. మాది గుడివాడ దగ్గర. అక్కడంతా కాలవలు, వరి, బురద. ఇక్కడ ఎర్రమట్టి, మామిడి తోటలు. బదిలీ మీద వచ్చిన కొత్తలో నాకు ప్రతిదీ వింతగానే ఉండేది, అడక్కుండా ఉండలేకపోయేవాణ్ణి. "మన డాక్టరుగారు గొడ్డుకి సూది ఒక్కటే పొడుస్తారు, గొడ్డుగలవాణ్ణి మాత్రం ప్రశ్నలతో పొడిచి పొడిచి పెడతారు" అని ఊళ్ళో అనుకునేవారట. అనుకోనీండి. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు కదా, అడిగితే పోయేదేముంది? కాంపౌండర్ని పట్టుకుని డాక్టరుగారు అనడంలోనే వాళ్ళ మర్యాద తెలుస్తోంది.

ఆ గుర్తు సంగతి ముందు టీ హోటలు దగ్గర అడిగాను. "దిష్టికండీ" అన్నాడొకడు. దిష్టికైతే నల్లగా ఉండాలి కానీ నీలమేమిటి? "అది దొంగసొత్తండీ, పోలీసోళ్ళు గుర్తేశారు" అని ఇంకొకడు గొంతు తగ్గించి చెప్పాడు. పోలీసులు గుర్తేసి మళ్ళీ దొంగ చేతికే ఇచ్చారా అంటే టీ గ్లాసు పెట్టేసి లేచిపోయాడు. ఊహలకి పన్ను లేదు కదా అని ఊరుకున్నాను.

తీగ దొరికింది మాత్రం ఒక మేకపిల్ల వల్ల. పెద్దిరాజు భార్య దుర్గ, కడుపుబ్బరంతో ఉన్న మేకపిల్లని చంకనేసుకుని ఆసుపత్రికి వచ్చింది. మందు పోస్తూ, "మీ ఆయన డప్పు మీద ఆ గుర్తేంటమ్మా?" అన్నాను. ఆమె పమిట చెంగు నోటికడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.

"ఆయన్నే అడగండి డాక్టరుగారూ. మామిడికాయలనుకుని డప్పులు అమ్మేసుకున్న మొనగాడు ఆయనే."

ఇంత మాట విన్నాక ఇక నాకు నిద్రెలా పడుతుంది? మర్నాడే తోటకి పోయాను.

అది అరవై తొమ్మిది వేసవి. బసవపున్నారావుగారి తోటలో కోత జోరుగా ఉంది. పెద్దిరాజు పాకలో కూర్చుని గంపలు కడుతున్నాడు. ముప్పై దాటి ఎంతో కాలం కాలేదు, అప్పుడే చెవుల పక్కన నెరిసింది. ఊహ తెలిసినప్పటినుంచీ అతనికి ఆ తోటే పని. చిన్నప్పుడు కేకలు పెట్టి చిలకల్ని తోలాడు. మీసాలొచ్చాక చిక్కం పట్టి కాయ కోశాడు. చిక్కమంటే చివర వలసంచి కట్టిన పొడుగాటి గెడ. ఒక ఏడు కొమ్మ విరిగి పడి మడమ మెలికపడింది. అప్పట్నించీ చెట్లెక్కడం మాని గంపల దగ్గర కూర్చున్నాడు. అక్కడ కూర్చున్నాకే అతని విలువ రావుగారికి తెలిసిందంటారు. పెద్దిరాజు కట్టిన గంపలో కాయ నలగదు.

అతన్ని పనిలో ఉండగానే మాట్లాడించాలి. ఖాళీగా కూర్చోబెడితే "ఏముందండీ" అంటాడు, అంతే. చేతులు ఆడుతుంటే నోరూ ఆడుతుంది. అందుకని నేను రోజూ సాయంత్రం ఆసుపత్రి కట్టేసి వెళ్ళి ఒక బోర్లించిన గంప మీద కూర్చునేవాణ్ణి.

"ముందు గంప సంగతి చూడండి, అప్పుడు డప్పు సంగతి తెలుస్తుంది" అన్నాడు మొదటి రోజు.

చూశాను. అడుగున వరిగడ్డి, దాని మీద కాయలు, మళ్ళీ గడ్డి, మళ్ళీ కాయలు. నిండాక మూతి మీద గోనెపట్టా కప్పి దబ్బనంతో చుట్టూ కుట్టేస్తాడు. ఆఖరున కొబ్బరిపీచు కుంచె నీలం రంగులో ముంచి పట్టా మీద రావుగారి మార్కా వేస్తాడు: ఒక సున్నా, మధ్యలో చుక్క. చెయ్యి తిప్పినట్టే ఉండదు, మార్కా పడిపోతుంది.

"ఈ మార్కా పడ్డాక హైదరాబాదు దాకా ఈ గంపని ఎవరూ విప్పరండీ. మార్కెట్టులో కొనేవాడు కూడా విప్పడు. మార్కా చూసి కొంటాడు. అదీ రావుగారి పేరు."

రెండో రోజు వాళ్ళ నాన్న వీరయ్య సంగతి చెప్పాడు. ఆ డప్పు వీరయ్యది. పెద్దిరాజు తల్లి కడుపులో ఉండగా వీరయ్య వేపచెక్కతో చట్రం వంచి, తోలు తనే పదును చేసి, తనే బిగించాడట. ఊళ్ళో చావైనా జాతరైనా చాటింపైనా ముందు నడిచేది ఆ డప్పే. పెద్దలు కబురంపితే పోవాలి, కొట్టమన్నంతసేపు కొట్టాలి, పెట్టిన గింజలు పట్టుకుని రావాలి. అయినా వీరయ్యకి ఒక పట్టుదల ఉండేది. ఆ ఇంట్లో డప్పు అమ్మరు, కొనరు. తండ్రి కొడుక్కి ఇవ్వాల్సిందే. ఒకసారి బేరంలో చేతులు మారిన డప్పుని ముత్యాలమ్మ ముందు కొట్టరు. గోడకి తగిలించేస్తారు, అంతే.

"ఎందుకలా?" అన్నాను.

"మా నాన్న అనేవాడండీ: కొట్టమన్నోడి మాట మనం ఎలాగూ వింటన్నాం. డప్పుని కూడా కొన్నోడుంటే అదీ ఆడి మాటే వినాల. మనం ఎవరి మనుషులమైనా, డప్పైనా మనది ఉండనీరా, అని."

మొదట నేనిది పల్లెటూరి మూఢనమ్మకాల లెక్కలో వేసేశాను. ఇంటికి పోతూ ఆలోచించాను. వీరయ్యకి సెంటు భూమి లేదు. ఉన్న పాక రావుగారి గట్టు మీద. పొద్దున లేస్తే ఎవరో ఒకరు పిలవాలి, అతను పోవాలి. ఎవరూ పిలవకుండా అతనిదైనది ఆ డప్పు ఒక్కటే. నా ముఖానికి అది మూఢనమ్మకంలా కనపడినందుకు నా మీద నాకే కోపమొచ్చింది.

ఇక అసలు కథ. పంచాయతీ సమితి ఆఫీసులో యువజన సంఘాల పని చూసే ప్రభాకరరావుగారని ఒకాయన ఉండేవాడు. గిరజాల జుట్టు, ఖద్దరు చొక్కా, దేన్ని చూసినా ఉత్సాహం. ఒక ఏడు జాతరలో పెద్దిరాజూ, వాడలోని కుర్రాళ్ళూ డప్పులతో అడుగులు వేస్తుంటే చూసి, "ఇది వీధిలో ఉండాల్సింది కాదయ్యా, స్టేజీ ఎక్కాల్సింది" అన్నాడట. అన్నవాడు ఊరుకోలేదు. వాళ్ళకి తెల్ల బనీన్లు, ఎర్ర నడికట్లు కుట్టించి 'యువజన డప్పు దళం' అని పేరు పెట్టేశాడు. నాయకుడు పెద్దిరాజు.

మొదటి ప్రయాణం మైలవరం. బస్సెక్కబోతుంటే కండక్టరు ఆపాడు.

"వీటికి లగేజీ టిక్కెట్లు కొట్టాలి."

"ఇవి డప్పులండీ" అన్నాడు పెద్దిరాజు.

"డప్పులైతే ఏం, నడిచొస్తాయా?"

పాయింటే కదా! ప్రభాకరరావుగారు జేబులోంచి తీసి కట్టాడు. తిరిగొచ్చేటప్పుడు ఇంకో కండక్టరు, ఇంకో రేటు. ఏలూరు వెళ్ళినప్పుడు డప్పులు బస్సు టాపు మీద వేస్తే దారిలో వాన కొట్టింది. తోలు వదులైపోయి, కాచుకోడానికి ఆ ఊళ్ళో ఎండుగడ్డి కొనాల్సొచ్చింది. గడ్డి కొనడమంటే పెద్దిరాజుకి తల కొట్టేసినట్టయిందట. డప్పు కొట్టడం వచ్చు, అడుగు వేయడం వచ్చు. ఊరు దాటిస్తే డప్పు కూడా మనిషిలా తింటుందని మాత్రం వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

అరవై మూడు మే నెలలో హైదరాబాదు నించి పిలుపొచ్చింది. యువజనోత్సవం. కాగితం మీద 'కళాకారులకు రానూపోనూ ఛార్జీలు' అని ఉంది. డప్పుల మాట ఎక్కడా లేదు. ప్రభాకరరావుగారు బెజవాడ రైలుస్టేషనులో లగేజీ రేటు కనుక్కుని వచ్చి, అరుగు మీద కూలబడ్డాడు.

"మనుషులకే సాంక్షనయిందయ్యా. డప్పులకి పద్దు లేదు. మైలవరానికైతే నేను పెట్టుకున్నాను, హైదరాబాదుకి నా జీతం చాలదు."

పెళ్ళికి మేళగాళ్ళని పిలిచి, సన్నాయి ఇంట్లో పెట్టి రమ్మన్నట్టుంది వ్యవహారం. కుర్రాళ్ళు దిగాలు పడ్డారు. అప్పుడు పెద్దిరాజుకే మెరిసింది ఉపాయం. రావుగారి మామిడి లారీ ఎలాగూ హైదరాబాదు పళ్ళ మార్కెట్టుకి పోతుంది. డప్పుల్ని దాంట్లో వేస్తే? రావుగార్ని అడిగితే, "మూడు గంపలెక్కువైతే లారీ ఏమన్నా అరుస్తుందంట్రా? వేసుకోండి" అన్నాడు.

మిగిలిన చిక్కు వీరయ్య. దళంలో అందరి డప్పులకీ శ్రుతి కలపాల్సింది ఆ పెద్ద డప్పే, అది లేకపోతే లాభం లేదు. వీరయ్య ఆఖరికి దాన్ని గోడ మీంచి తీసి కొడుకు చేతిలో పెట్టాడు.

"ఎలా పోయిందో అలా రావాల. తాకట్టు, అమ్మకం, అద్దె, ఏ మాటా దాని మీద పడకూడదు. పడితే నాకు తెచ్చి చూపించకు."

"అలాగే నాన్నా."

డప్పులు కట్టే పని పెద్దిరాజు మరొకడి చేతికి ఇవ్వలేదు. దూరం పంపించే వస్తువు నలక్కుండా కట్టడానికి అతనికి తెలిసినది ఒకటే పద్ధతి. అడుగున గడ్డి, ఒక డప్పు, గడ్డి, మళ్ళీ డప్పు. అన్నిటికన్నా పైన మెత్తటి గడ్డి పరిచి వీరయ్య డప్పు. గోనెపట్టా, దబ్బనం, కుట్టు. పక్కన కూర్చున్న దుర్గ చూసి, "నన్ను కాపరానికి తెచ్చేటప్పుడు కూడా ఇంత జాగర్తగా తేలేదు" అని మూతి విరిచిందట.

అన్నీ కట్టాడు. కుంచె చేతిలోనే ఉంది. నీలం రంగు పక్కనే ఉంది. అవతల ఆ రోజు లోడుకి కట్టిన మామిడి గంపలకి మార్కా వేసుకుంటూ వచ్చాడు. ఆ చేత్తోనే ఈ మూడింటికీ వేసేశాడు. సున్నా, మధ్యలో చుక్క.

"తెలిసి వేశావా, తెలియకా?" అన్నాను నేను ఆత్రంగా.

పెద్దిరాజు దబ్బనం ఆపాడు.

"తెలియకేనండీ. కానీ మార్కా లేకపోతే ఆ గంప బోడితలలా కనిపించిందండీ. చెయ్యి ఊరుకోలేదు."

లారీ డ్రైవరు నరసింహులుకి మూడు గంపల్లో డప్పులున్నాయని చెప్పారు. అతను సరేనన్నాడు. ఏ మూడో చెప్పాలని వీళ్ళకి తోచలేదు, ఏ మూడో అడగాలని అతనికి తోచలేదు. లారీ ముందు పోయింది. దళం, ప్రభాకరరావుగారు బస్సులో బెజవాడ, అక్కణ్ణించి రైల్లో హైదరాబాదు పోయారు.

పొద్దున్నే దిగి తిన్నగా మార్కెట్టుకి వెళ్ళారు. ప్రోగ్రాం సాయంత్రానికి. మార్కెట్టు నిండా మామిడి వాసన, గడ్డి, కేకలు. రావుగారి సరుకు దిగే కమీషన్ దుకాణం ముందు లారీ ఖాళీగా ఉంది. నరసింహులు సీటులో కాళ్ళు చాపుకుని గుర్రు పెడుతున్నాడు.

"బాబాయ్, మా గంపలేవి?"

నరసింహులు కళ్ళు నులుముకుని వెనక్కి చూశాడు. "అన్నీ ఒకలాగే ఉన్నాయిరా. నేను లేచేసరికే హమాలీలు దించేశారు. మార్కా ఉన్నవన్నీ దించుతారు కదా! డప్పుల గంపలకి మార్కా ఎవడేశాడు?"

పెద్దిరాజు తన చేతులు చూసుకున్నాడు. వేళ్ళ సందుల్లో నీలం రంగు ఇంకా పోలేదు.

లోపలికి పరిగెత్తితే గుమస్తా పట్టీలు రాసుకుంటున్నాడు. విషయం చెప్తే తల ఎత్తకుండానే, "మార్కా ఉన్నదా లేదా? ఉంటే మామిడే. అమ్ముడువోయింది" అన్నాడు.

"అవి డప్పులండీ!"

"నాకేమెరుక? కమీషను పట్టిన, హమాలీ పట్టిన, ధర్మం పట్టిన. అయిపోయింది."

ప్రతి సరుకు మీదా గుడికని కోసుకునే ధర్మం డప్పు మీద పట్టడం ఆ మార్కెట్టు చరిత్రలో అదే మొదలూ చివరా అయి ఉంటుంది. ఇక్కడ నేను పెద్దిరాజుని ఆపి, అసలు ఎవరూ చూడకుండా ఎలా కొన్నారయ్యా అని అడిగాను. అతను భుజం మీది తువ్వాలు తీసి చూపించాడు. అక్కడ బేరం నోటితో చెయ్యరు. అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాలు కింద చేతులు కలుపుతారు. ఏ వేలు పట్టుకున్నారు, ఎన్నిసార్లు నొక్కారు అన్నదే ధర. పక్కనున్నవాడికి కూడా తెలియదు. తువ్వాలు తీశారంటే బేరం అయిపోయినట్టే. మార్కా నమ్మకం మీద గంప విప్పకుండానే చేతులు మారుతుంది.

కొన్నది ఎవరని గుమస్తాని బతిమాలితే, సందు చివర గోవిందమ్మ దుకాణం చూపించాడు. మగవాళ్ళతో సమానంగా తువ్వాలు కింద చెయ్యి పెట్టే ఆడమనిషి ఆ మార్కెట్టులో ఆవిడ ఒక్కతేనట. రూపాయంత బొట్టు, మోచేతుల దాకా పచ్చబొట్లు. వీళ్ళు వెళ్ళేసరికి ఆవిడ ఒక గంప విప్పేసింది కూడా. వీరయ్య డప్పు బోర్లా కాదు, వెల్లకిలా బల్ల మీద ఉంది. దాని నిండా చిన్నరసాలు గుట్టగా పేర్చి ఉన్నాయి.

"నా గుండె ఆగిపోయిందనుకోండి" అన్నాడు పెద్దిరాజు. ఆరేళ్ళ తర్వాత చెప్తున్నా అతని గొంతులో ఆ బెదురు వినపడింది.

గోవిందమ్మ మాత్రం చల్లగా ఉంది. "ఈ గంపల పండ్లు లేవు, తోలు తట్టలున్నయి. ఇవి ఏ చెట్టుకు కాస్తయి బిడ్డా మీ దిక్కు?"

ప్రభాకరరావుగారు అంతా చెప్పి, దళం తిరుగు ఛార్జీల డబ్బు తీసి, "ఎంతిమ్మంటావమ్మా? ఇచ్చేస్తాం" అన్నాడు. అప్పుడు పెద్దిరాజు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఆఫీసరు చెయ్యి పట్టుకోవడం అతని జన్మలో అదే మొదటిసారి.

"వద్దండీ. కొనొద్దు."

"కొనకపోతే ఎలా వస్తాయయ్యా? సాయంత్రం స్టేజీ!"

"కొంటే అది మా నాన్న డప్పు కాదండీ. కొన్న డప్పు. అది నేను ఇంటికి తీసుకెళ్ళలేను."

కుర్రాళ్ళకి మండిపోయింది. ఇంతదూరం వచ్చి ఇదేం పట్టు, ముసలాయనకి ఎవరు చెప్తారు, మేము చెప్తామా అని ఒకటే గోల. పెద్దిరాజు బల్ల పక్కన నేల మీద చతికిలబడి, వీరయ్య అన్న మాటలు ఉన్నవున్నట్టు చెప్పాడు. వాళ్ళకి చెప్తున్నాడనే అనుకున్నాడు, కానీ విన్నది గోవిందమ్మ.

"డప్పైనా మనది ఉండనీ అన్నడా నీ అయ్య?" అంది ఆవిడ.

"అవునమ్మా."

ఆవిడ డప్పు అంచు మీద చెయ్యి వేసింది. "మంచిగ లేని పండ్లు వాపస్ చేస్తం. ఇదీ గంతే. అమ్మకం కాలేదనుకో, వాపస్ అనుకో. కానీ నాకు ఇంక బోణీ కాలే. బోణీ కాకముందే మాల్ వాపస్ ఇస్తే దినమంతా ఆగమైతది. మా అత్త కాలం సంది ఆ పని చెయ్యలే" అంది.

ఇది విని నాకు నవ్వొచ్చింది. ఒకరి ఇంట్లో డప్పు అమ్మకూడదన్న నియమం, ఒకరి అంగట్లో బోణీ కాకుండా వాపసు ఇవ్వకూడదన్న నియమం. మధ్యలో డప్పు నిండా రసాలు. ఎవర్నీ కాదనలేం.

"అయితే బోణీ అయ్యేదాకా కూర్చుంటాం" అన్నాడు పెద్దిరాజు.

కూర్చున్నారు. సందు చివర దుకాణం. కొనేవాళ్ళంతా ముందరి దుకాణాల్లోనే ఆగిపోతున్నారు. ఎండెక్కుతోంది. ప్రభాకరరావుగారు మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. చివరికి పెద్దిరాజు లేచి, చేతులు జోడించి, "అమ్మా, మీ పళ్ళు పక్కన పెట్టి మా డప్పులు ఒక్కసారి మా చేతికివ్వండి. కొనడం కాదు, అద్దె కాదు. మీ బోణీ మేం పిలుస్తాం" అన్నాడు.

ఆవిడ రసాలు తీసి పక్కన పెట్టింది. డప్పులన్నీ బయటికొచ్చాయి. పచ్చికాయల మధ్య ప్రయాణం చేసి తోళ్ళన్నీ చెమ్మగిల్లి వదులైపోయాయి. కొడితే దిండు మీద కొట్టినట్టుంది. కాచాలి. గంపల్లో పరిచిన వరిగడ్డి అక్కడే కుప్పగా ఉంది. దాన్నే అంటించి, చుట్టూ కూర్చుని డప్పులు కాచారు. పొగ చూసి మార్కెట్టు కాపలావాడు కర్రతో పరిగెత్తుకొచ్చాడు. వచ్చినవాడు కర్ర దించి అక్కడే నిలబడిపోయాడు, ఎందుకంటే అప్పటికి వీరయ్య డప్పు మోగింది.

జాతర దరువు ఎత్తుకున్నారట. అడ్డంగా ఉన్న పళ్ళబళ్ళ మధ్యే అడుగులు వేశారట. సందంతా జనం. ఇదేం ఊరి పండగ, ఎవరి పెళ్ళి అని చూడొచ్చినవాళ్ళు ఉత్త చేతుల్తో పోతారా? ప్రభాకరరావుగారు బల్ల పక్కన నిలబడి, "నూజివీడు రసాలు! నూజివీడు రసాలు!" అని అరిచాడు. సమితి ఆఫీసరు పళ్ళమ్మడం కూడా యువజన సంక్షేమం కిందికే వస్తుందని తర్వాత తనే అనుకున్నాడట. గోవిందమ్మకి బోణీ అయింది, ఒక గంప అయింది, రెండో గంప విప్పించింది. అప్పుడు చెయ్యెత్తి, "చాలు బిడ్డా. తీస్కపో" అంది.

డబ్బు ముట్టకుండా డప్పు చేతికొచ్చింది కానీ, మార్కెట్టు ఊరికే వదలదు కదా. వాపసు సరుక్కి రానూపోనూ హమాలీ, రెండు వైపులా కమీషను అన్నాడు గుమస్తా. దళం తిరుగు ఛార్జీలు అక్కడికక్కడే హారతి కర్పూరం అయిపోయాయి. "దీన్ని ఏ పద్దు కింద రాయనయ్యా?" అని ప్రభాకరరావుగారు తలపట్టుకున్నాడు. తల పట్టుకుంటూనే కట్టాడు, పాపం.

గుమస్తా వాపసు సరుకు మీద గుర్తు వేసే కుంచె తీశాడు. ఆ గుర్తూ నీలమే. ఇంటూ.

"ఏ గంప మీద వెయ్యాలె?"

"గంప మీద కాదండీ" అన్నాడు పెద్దిరాజు. వీరయ్య డప్పు ముందుకి చాపాడు. "దీని మీద వెయ్యండి. కనపడేలాగా."

గుమస్తా అతన్ని పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. అయినా వేశాడు. గంప మీది గుర్తు మార్కెట్టులోనే ఉండిపోతుంది, డప్పు మీది గుర్తు ఇంటిదాకా వస్తుంది. నాన్నకి చూపించడానికి పెద్దిరాజు దగ్గర ఇంకేముంది?

ఆ సాయంత్రం స్టేజీ ఎక్కారు. బాగా కొట్టారని, జనం లేచి నిలబడ్డారని ప్రభాకరరావుగారు ఇప్పటికీ చెప్తుంటాడు. పెద్దిరాజుని అడిగితే, "చప్పట్లు కొట్టారటండీ. నాకు గుర్తు లేదు. నా ధ్యాసంతా మా నాన్న ఏమంటాడో అనే" అన్నాడు. తిరుగు ఛార్జీలు లేవు కనక నరసింహులు లారీలోనే వచ్చారు. ఖాళీ గంపల మీద దళం, గంపల మధ్య ప్రభాకరరావుగారు. డప్పులు మాత్రం ఈసారి ఎవరివి వాళ్ళ ఒళ్ళోనే ఉన్నాయి.

వీరయ్య పాక ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. పెద్దిరాజు లోపలికి పోకుండా, గుర్తు పైకి కనపడేలా డప్పు ఆయన ముందు పెట్టి, ఒక్కటీ దాచకుండా చెప్పేశాడు. మార్కా, తువ్వాలు, గోవిందమ్మ, బోణీ, వాపసు. చెప్తూ ఉండగా దుర్గ గడపలో నిలబడి వింటోంది. ఆమెకి ఆ రోజు నవ్వు రాలేదట.

"కొనలేదు నాన్నా. డబ్బంతా హమాలీకీ కమీషనుకీ పోయింది. డప్పుకి పైసా ఇవ్వలేదు. చూడు, వాపసు గుర్తు."

వీరయ్య ఆ నీలం ఇంటూ మీద బొటనవేలు పెట్టి అటూ ఇటూ రాశాడు. పోలేదు. "ఎంతకి పోయింది?" అన్నాడు.

"ఏంటి నాన్నా?"

"బేరంలో. మన డప్పు ఎంతకి పోయిందిరా?"

పెద్దిరాజు తల దించుకున్నాడు. "తువ్వాలు కింద బేరం నాన్నా. ఆ రెండు చేతులకే తెలుసు."

"నీకు తెలవదా?"

"తెలవదు."

"మంచిదయింది" అన్నాడు వీరయ్య. "ఎంతకో తెలిస్తే కొట్టినప్పుడల్లా అదే గుర్తొస్తది. జన్మంతా గుప్పెడు గింజలకి కొట్టాను."

లేచి వెళ్ళి గడ్డి తెచ్చి అంటించాడు. డప్పు కాచి, చెవి దగ్గర పెట్టుకుని ఒక్క దెబ్బ కొట్టాడు. విన్నాడు. ఇంకోటి కొట్టి, "మనదే" అని కొడుకు చేతిలో పెట్టేశాడు. ఆ ఏడు ముత్యాలమ్మ జాతరకి ముందు నడిచింది ఆ డప్పే. అరవై ఆరులో వీరయ్యని సాగనంపినప్పుడు ముందు నడిచిందీ అదే. కొట్టింది పెద్దిరాజు. ఎవరూ పిలవలేదు, ఎవరూ గింజలు పెట్టలేదు.

ఇది చెప్పేటప్పుడు అతని చేతులు ఆగిపోయాయి. నాకూ కళ్ళు చెమర్చాయి, దాచుకోవడమెందుకు? కానీ నా జబ్బు నన్ను వదలదు కదా. అతను మళ్ళీ దబ్బనం అందుకునేదాకా ఆగి, మెల్లిగా అడిగాను.

"మీరు వచ్చేసేటప్పుడు ఆ గోవిందమ్మ నీకు ఏమీ చెప్పలేదా పెద్దిరాజూ? నిజంగా నీకు ఆ ధర తెలియదా?"

అతను గంప కుట్టడం పూర్తి చేశాడు. అటూ ఇటూ చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి నా చేతి మీద కప్పి, కింద నా వేళ్ళు పట్టుకుని నొక్కాడు. ఒక వేలు, తర్వాత రెండు, మళ్ళీ అరచెయ్యి మొత్తం. గరుకు చెయ్యి. మామిడి జీడిసొన కాల్చిన మచ్చలు తగులుతూనే ఉన్నాయి. తువ్వాలు తీసి మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు.

"నాకా లెక్క రాదయ్యా!" అన్నాను.

"మీకు రాదనే కదండీ చెప్పాను" అని పెద్దిరాజు కుంచె నీలంలో ముంచి గంపకి మార్కా వేశాడు.